మైలుతుత్తం నీళ్లు

తొట్టిలో నీళ్లు నిన్నటివి. రాత్రి ఏ నక్కో వచ్చి మూతి పెట్టబోయి మానుకున్నట్టుంది, పైన రెండు వెంట్రుకలు తేలుతున్నాయి. అర్మీదా వాటిని పుల్లతో తీసి, పుల్లను కూడా దూరంగా విసిరేసి, "ఛీ" అంది. తొట్టి మొత్తం వంపేసి, ఊట దగ్గర్నుంచి నీళ్లు మోసుకొచ్చి నింపి, గౌను జేబులోంచి పొట్లం తీసి మైలుతుత్తం పలుకులు పోసింది. కర్రతో తిప్పుతూ ఉంటే నీళ్లు మెల్లగా నీలంగా మారాయి. లోకంలో ఆమెకు శుభ్రంగా కనిపించే రంగు అదొక్కటే.

అది చెస్ట్‌నట్ చెక్కతో చేసిన తొట్టి. ఇనప బకెట్ పెడితే మైలుతుత్తం ఒక్క చలికాలంలో అడుగు తినేస్తుంది. కొండ పైమడులకు వెళ్లే తడిక తలుపు దగ్గర, సరిగ్గా దారికి అడ్డంగా పెట్టిందామె. దాటుకుని పోవడానికి వీల్లేదు, దిగాల్సిందే. బూట్లు, గునపం, పార, ఆఖరికి గొర్రెలకాపరి చేతికర్ర, ఏదైనా సరే ఆ నీళ్లలో మునిగి లేవాలి. పోయిన ఏడు మొక్కల్ని దీవించడానికి వచ్చిన ఫోస్కో ఫాదర్‌ని కూడా అంగీ మోకాళ్ల దాకా ఎత్తించి అందులో నిలబెట్టింది. "అమ్మా, నేను తెచ్చినవి కూడా పవిత్రజలమే కదా" అని గొణిగాడాయన. "అవి ఆత్మలకి ఫాదర్, ఇవి బూట్లకి" అంది. ఆ ఆదివారం ఆయన నల్లబూట్లు నీలం అంచులతో చర్చిలో తిరుగుతుంటే ఊరంతా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఊళ్లో ఆమెను ఛీ అర్మీదా అంటారు. ఎదురుగా అనరు, అంతే. ఆమెకు రోత పుట్టించని వస్తువు లేదు. పక్కింటి జెలిండా కోళ్లు, ఆ కోళ్లు తిరిగిన మెట్లు, సంతలో పదిమంది వేలితో నొక్కి చూసి వదిలేసిన జున్ను, పెళ్లివిందుల్లో ఒకే గ్లాసు చేతులు మారడం. శిలువ పాదాల్ని ఊరంతా వరసగా ముద్దుపెట్టుకునే శుక్రవారం నాడు ఆమె పెదవులు గాలిలోనే చప్పుడు చేసి వెనక్కి వచ్చేస్తాయి. వయసులో ఉండగా ఒక సంబంధం వచ్చింది. పైలోయలో కోతమిల్లు పనివాడు, మంచివాడే. చూడ్డానికి వచ్చిన రోజున సూపు జుర్రుకుని, మీసాల మీద మిగిలింది నాలుకతో తీసుకున్నాడు. "ఆ నాలుకతో నేను కాపురం చెయ్యలేనమ్మా" అని తల్లితో చెప్పేసింది. తల్లి చాలా ఏడ్చింది. పిల్ల మాత్రం ఆ గిన్నెను రెండుసార్లు బూడిదతో తోమింది.

ఈ రోత పుట్టుకతో వచ్చింది కాదు. వయసంతా కింద లోయలోని క్షయ ఆసుపత్రి చాకిరేవులో ధారపోసింది అర్మీదా. రోగుల దుప్పట్లు, తలగడ గలీబులు, ఉమ్మిన గుడ్డలు. ఆవిరి కమ్మిన ఆ పెద్ద గదిలో ఆడవాళ్లు పాటలు పాడుకుంటూ ఉతికేవాళ్లు. చెమట పడితే తడిచేత్తోనే ముఖం తుడుచుకునేవాళ్లు. చేతిజోళ్లు వేసుకోండని నర్సు మొత్తుకుంటే నవ్వేవాళ్లు. ఆ పాటలు పాడినవాళ్లే ఒక్కొక్కరుగా ఉతికేవైపు నుంచి పడుకునేవైపుకి మారిపోయారు. వాళ్ల దుప్పట్లు కూడా అర్మీదాయే ఉతికింది. నవ్వకుండా, పాడకుండా, ముఖం మీద ఈగ వాలినా చెయ్యి ఎత్తకుండా ఉతికింది కాబట్టి బతికి బయటపడింది. ఆ అలవాటు తరవాత పోలేదు. ఇప్పటికీ ముఖం తుడుచుకోవాలంటే భుజాన్నే వాడుతుంది.

ఆసుపత్రి మూతపడి ఇంటికి తిరిగొచ్చేసరికి కొండ సగం చచ్చి ఉంది. చెస్ట్‌నట్ చెట్లు మొదళ్ల దగ్గర పగిలి, పగుళ్లలోంచి నల్లటి నీళ్లు కారుతూ, పైన కొమ్మలు బోడిగా ఆకాశంలోకి చాచి నిలబడ్డాయి. సిరారోగం అంటారు దాన్ని. కొందరు కొత్తగా వేసిన తారురోడ్డు వల్ల అన్నారు, కొందరు రేడియోల వల్ల అన్నారు, పాపాల వల్ల అన్నవాళ్లకైతే లెక్కేలేదు. అటవీశాఖ మనిషి వచ్చి, మట్టిలో పురుగు ఉంది, మట్టిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మొయ్యకండి అని చెప్పి వెళ్లాడు. ఊళ్లో ఎవరికీ ఆ మాట రుచించలేదు. ఎందుకంటే ఈ కొండ మీద చెట్టు నాటడమంటేనే మట్టి మొయ్యడం.

ఇక్కడ ఎవరు కొత్త మొక్క నాటినా గుంటలో మొదట పడాల్సింది ఆ ఇంటి పెద్దచెట్టు మొదట్లోంచి తెచ్చిన పిడికెడు మట్టి. తల్లిమట్టి అంటారు. అది పడితేనే మొక్కకి తనవాళ్లెవరో తెలుస్తుందట. అది పడని చెట్టు అనాథ, దాని కాయ పిల్లలకి పెట్టరు, దాని కట్టెతో ఉయ్యాల చెయ్యరు. ఆడపిల్ల అత్తారింటికి వెళుతుంటే పెట్టెలో ఒక మూట తల్లిమట్టి పెట్టి పంపుతారు. అట్లా ప్రేమగా, పిడికిలి బిగించి, ఇంటింటికీ, ఊరూరికీ రోగాన్ని మోసుకెళ్లి నాటుకున్నారు. అటవీశాఖ మనిషి మాట విన్నప్పుడు అర్మీదాకి చాకిరేవు గుర్తొచ్చింది. తన ఇంటి పెద్దచెట్టు మొదట్లో గునపంతో తవ్వి చూసింది. వేళ్లు బొగ్గులా నల్లగా, మెత్తగా ఉన్నాయి, మూసేసిన నేలమాళిగలో పులిసిపోయిన వాసన కొట్టింది. వాంతి చేసుకుంది. ఇది ఉమ్మే, ఉమ్మి తప్ప ఇంకోటి కాదు అనుకుంది.

పైమడుల్లో ఎప్పుడూ చెస్ట్‌నట్ వెయ్యలేదు. ఒకప్పుడు రై ధాన్యం పండించి వదిలేసిన ఎర్రమట్టి అది, కింది మట్టి మెడ మీద మురికంత నల్లగా ఉంటే ఇది కడిగిన కుండలా ఉంటుంది. అటవీశాఖ నర్సరీ మొక్కలు ఇస్తామంది, కాపలాకి ఒక మనిషి కావాలంది. అనాథ మొక్కలకి ఆయాగా ఉండటానికి ఊళ్లో ఎవరూ ముందుకు రాలేదు. అర్మీదా వెళ్లింది. అప్పటి నుంచీ చలికాలం చివర నాటడం, వసంతంలో అంటు కింద పొడుచుకొచ్చే పిలకల్ని బొటనవేలితో నలిపెయ్యడం, ఎండాకాలం నీళ్లు మొయ్యడం, మొదట్లో వచ్చిన కాయల్ని పిందెల్లోనే తుంచెయ్యడం, కాండాలకి సున్నం పుయ్యడం, ఊతకర్రలకి కట్టిన గడ్డితాళ్లు బెరడుని కోసెయ్యకుండా వదులు చెయ్యడం. ఆ మొక్కల్ని మాత్రం ఆమె ఉత్తచేతులతో ముట్టుకుంటుంది. అది తనకే తెలియదు, ఎవరూ చెప్పలేదు.

ఆరోజు చివరి మొక్క నాటాలి. దాన్ని తన చేత్తో నాటుతానని క్రిస్మస్ నుంచీ అడుగుతున్నాడు ఆమె అన్న సెత్తీమియో.

సెత్తీమియో బెల్జియం బొగ్గుగనుల్లో పనిచేసి, ఊపిరితిత్తుల నిండా గనిని నింపుకుని తిరిగొచ్చాడు. దగ్గితే నల్లగా పడుతుంది. సగానికి విరిచిన చుట్టల్ని నములుతాడు. నమిలి తడిసిన ముక్కల్ని పారెయ్యకుండా గనిలో ఇచ్చిన రబ్బరుగుడ్డ సంచిలో దాచుకుని, మళ్లీ తీసి నములుతాడు. ఆ సంచి వాసనకి అర్మీదా వేరే గదిలో తింటుంది. తండ్రి కట్టిన ఇంట్లో వాళ్లిద్దరే ఉంటారు, ఇద్దరికీ వేరువేరు కప్పులు, తువ్వాళ్లు, మెట్లమీద వేరువేరు వైపులు. అన్న కప్పు చెవికి ఎర్రదారం కట్టి ఉంటుంది. ఆయన దాని గురించి ఎన్నడూ ఏమీ అనలేదు. ఒకసారి దారం తెగిపోతే తనే ఇంకొకటి కట్టుకున్నాడు.

పొద్దెక్కాక కొండదారిలో దగ్గు వినపడింది. చాలాసేపు దగ్గే వచ్చింది, మనిషి రాలేదు. చివరికి తడిక దగ్గర సెత్తీమియో ఆగి, తలుపులా అడ్డంగా నిలబడ్డ చెల్లెల్ని చూసి టోపీ తీశాడు.

"రావచ్చా సిస్టరు గారూ? ఆసుపత్రిలో బెడ్డు ఖాళీ ఉందా?"

"వేళాకోళం చాలు. బూట్లు ముంచు."

ఆయన తొట్టిలో దిగాడు. చల్లటి నీళ్లు తోలులోకి ఎక్కుతుంటే కళ్లు మూసుకుని, "అబ్బ, రాజభోగం" అన్నాడు.

"చేతులు చూపించు. వేళ్లు విడదియ్యి."

విడదీశాడు. గోళ్ల కింద ఎప్పుడూ ఉండే బొగ్గు తప్ప ఏమీ లేదు. ఆమె బ్రష్షు ఇచ్చి వాటిని కూడా తోమించింది.

"జేబులు."

"ఒసేయ్, నేను మీ అన్ననే. సరిహద్దు దాటుతున్న సిగరెట్ల దొంగని కాదు."

"పెద్దచెట్టు దగ్గరికి వెళ్లావా?"

"దాని పక్కనుంచే కదే దారి."

"జేబులు తియ్యమన్నాను."

ప్యాంటు జేబులు బయటికి లాగి చూపించాడు. కోటు జేబుల్లోంచి చాకు, చేతిరుమాలు, చివరగా ఆ రబ్బరు సంచి తీశాడు. దాన్ని అరచేతిలో పెట్టుకుని ఆమె ముఖం ముందుకి చాచాడు. సంచి ఉబ్బి ఉంది, అంచులు తడితడిగా ఉన్నాయి.

"ఇదీ తెరిచి చూపించనా?" అన్నాడు, ఒకలాంటి నవ్వు నవ్వుతూ.

"ఛీ, అవతల పెట్టు!" అని ఆమె ముఖం తిప్పేసుకుంది. వెనక తొట్టిలో నీళ్ల చప్పుడైంది. బూటు మళ్లీ ముంచుతున్నాడు కాబోలు అనుకుంది.

గుంట ముందే తవ్వి పెట్టింది, మోకాలి లోతున, రెండు చేతులు చాచినంత వెడల్పున. సెత్తీమియో మోకాళ్ల మీద కూర్చుని మొక్కని పట్టుకున్నాడు. చిటికెన వేలంత మొక్క. దాని వేళ్లు ఒకదాని మీద ఒకటి పడకుండా విడదీసి పరిచాడు. గనిలో పనిచేసిన ఆ మొద్దుచేతులు అంత మెత్తగా కదులుతాయని ఆమె అనుకోలేదు.

"అంటుమచ్చ మట్టిలోకి పోకూడదు" అంది.

"తెలుసు."

"మడమతో తొక్కకు. చేత్తో అదుము."

"అదీ తెలుసు. నేను కూడా ఈ కొండ మీదే పుట్టాను, నీ కంటే ముందు." మట్టి పోస్తూ పోస్తూ ఆగి, "దీనికి తల్లెవరే?" అన్నాడు.

"నర్సరీ."

"అంటే అనాథాశ్రమం."

"అనాథలే బతుకుతున్నారు. తల్లులున్నవాళ్లంతా కింద ఎండి నిలబడ్డారు, చూడు."

ఆయన తల తిప్పి చూశాడు. కింద వాలంతా బోడి కొమ్మలు. అందులో పెద్దది, వాళ్లింటిది. తల్లి బతికుండగా ప్రతి శరదృతువులో దాని కింద గోనెపట్టాలు పరిచి, నలుగురైదుగురు వంగి ఏరినా తరిగేవి కావు కాయలు.

"ఆ చెట్టు మనల్ని పోషించింది అర్మీదా" అన్నాడు.

"పోషించి పోషించి కుళ్లింది. ఇప్పుడు దాని మట్టి విషం."

"విషమే. నేను కాదన్లేదు." మళ్లీ మట్టి పోస్తూ అన్నాడు. "కానీ దీనికి ఎవరూ లేరని తెలుస్తుంది కదే, పాపం."

"మొక్కకి ఏం తెలుస్తుంది! నీకు మతిపోయింది."

దగ్గు వచ్చింది. ఆయన నేల మీద రెండు చేతులూ ఆనించి, ఒళ్లంతా కుదిపేసేలా దగ్గాడు. ఆమె గబుక్కున ముందుకొచ్చి, "ఇక్కడ ఉమ్మకు! అన్నా, ఇక్కడ వద్దు!" అని అరిచింది. సెత్తీమియో నోరు మూసుకుని, చెల్లెలి వంక చూస్తూ, మింగేశాడు. ఆ చప్పుడు ఆమెకి వినపడింది. బిందె తీసుకుని ఊట వైపు వెళ్లిపోయింది.

తిరిగొచ్చేసరికి మొక్క చుట్టూ కోసిన ఫెర్న్ ఆకు పరిచి, ఊతకర్ర పాతి, గడ్డితాడుతో ఎనిమిది అంకెలా వదులుగా కట్టి ఉంది. పనిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆయన ఊతకర్రకి వీపు ఆనించి కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. కింది లోయలోంచి ఎండ ముఖాన పడుతుంటే కళ్లు చిట్లించుకుని ఉన్నాడు. ఆమె నీళ్లు పోసింది, మెల్లగా, ఆకు చెదరకుండా. ఆయన లేవలేదు.

మధ్యాహ్నానికి చెస్ట్‌నట్ పిండి అట్లూ, గొర్రెపాల రికోటా జున్నూ తెచ్చుకున్నారు. ఆమె తన మూట విప్పేసరికి అందులో చీమలు ఉన్నాయి. మూటను మూటగా విసిరేసింది. సెత్తీమియో తన అట్టుని కాగితంతోనే పట్టుకుని, కాగితంతోనే రెండు ముక్కలు చేసి, ఒకటి చాచాడు.

"నా వేళ్లు తగల్లేదు, చూడు. కాగితంతోనే చించాను."

"నాకు ఆకలి లేదు."

"పొద్దుట్నుంచీ నీళ్లు మోస్తున్నావు."

"లేదన్నానా."

ఆయన చెయ్యి కాసేపు అట్లాగే చాచి ఉంచాడు. తరవాత ఆ ముక్కని కాగితంలో జాగ్రత్తగా చుట్టి రాయి మీద పెట్టాడు, ఆమె తరవాత మనసు మార్చుకుంటుందేమోనని. ఆమె మార్చుకోలేదు. ఆకలితో పేగులు మాడుతున్నా సరే దాని వంక చూడలేదు. ఆ తరవాతి రోజుల్లో ఆమెని మిగతా అన్నిటికంటే ఎక్కువగా తిన్నది ఆ అట్టుముక్కని వద్దనడమే.

దిగేటప్పుడు ఎప్పట్లాగే ఆమె ముందు నడిచింది. వెనక నడిస్తే ఆయన ఉమ్మింది తొక్కాల్సి వస్తుందని భయం. వెనకనుంచి ఆయన బూటు ఒకటి టపటపా కొట్టుకుంటోంది.

"ఆ లేసు కట్టుకో. ఈడ్చుకుంటూ నడవకు."

"ఊడిపోయింది లేవే."

"బూటు లేసు ఊడిపోతుందా ఎక్కడైనా!"

"నా వయసుకి అన్నీ ఊడిపోతాయి" అన్నాడు సెత్తీమియో. ఆయన గొంతులో దొంగతనం చేసిన పిల్లాడి సంతోషం ఉంది. ఆమె పట్టించుకోలేదు.

ఇంటికొచ్చి ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కూలబడ్డాడు. బూట్లు విప్పకుండానే, "కాస్త బార్లీ కాఫీ ఇస్తావా?" అని అడిగాడు. అడగటం ఆయనకి అలవాటు లేదు, తనే కాచుకుంటాడు. ఎర్రదారం కప్పులో పోసి పక్కన పెట్టి, ఆమె పెరట్లోకి వెళ్లింది. ఆయన రుమాళ్లు బూడిదనీళ్లలో ఉడకబెట్టాలి. అది ఆమెకి వారంలో అన్నిటికంటే రోత పుట్టించే పని, కర్రతో తిప్పుతూ, ముఖం పక్కకి పెట్టుకుని చేస్తుంది. నీళ్లు నల్లగా తిరిగాయి. రెండోసారి మార్చింది. లోపలికి వచ్చేసరికి కాఫీ మీద మీగడలాంటి పొర కట్టి ఉంది, కప్పు కదల్లేదు. దగ్గు లేదు. ఆ ఇంట్లో దగ్గు లేకపోవడం ఎంత పెద్ద చప్పుడో ఆమెకి అప్పుడు తెలిసింది.

ఆమె ఎవరినీ పిలవలేదు, కాసేపు. ఆసుపత్రిలో పోయినవాళ్ల దుప్పట్లు చూసింది కానీ పోయినవాళ్లని ముట్టుకోలేదు ఎన్నడూ. ఇప్పుడు చేతికి గుడ్డ చుట్టుకోకుండానే అన్న రెప్పలు మూసింది. అవి వెచ్చగా ఉన్నాయి.

జెలిండా వచ్చింది, ఆమె వెనకే గుమ్మం దాకా కోళ్లు వచ్చాయి. ఫాదర్‌కి కబురు పంపించి, నీళ్లు కాచి, ఇద్దరూ కలిసి ఆయన బట్టలు విప్పసాగారు. జెలిండా వెయిస్ట్‌కోటు తీస్తుంటే లోపలి జేబులోంచి తడిసిన చుట్టముక్కలు నేల మీద రాలాయి. వాటితోపాటు కొంచెం నల్లమట్టి కూడా.

అర్మీదా వంగి ఆ మట్టిని వేళ్లతో నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది. మూసేసిన నేలమాళిగ వాసన.

"ఆ సంచి ఏది?" అంది.

"ఏ సంచి?"

"వీటిని దాచుకునే సంచి! ఈ పాచిముక్కలు జేబులో ఎందుకున్నాయి? సంచి ఏదీ?"

కోటు దులిపారు, కుర్చీ కింద చూశారు. సంచి లేదు. పొద్దున తడిక దగ్గర అరచేతిలో ఉబ్బి ఉన్న సంచి ఆమె కళ్లముందు ఆడింది. ఇదీ తెరిచి చూపించనా అన్న నవ్వు కూడా. చుట్టలు ఖాళీ చేసి అందులో ఏం నింపుకొచ్చాడో చెప్పడానికి ఎవరూ అక్కర్లేదు. పైజేబులన్నీ వెతికి, గోళ్లు తోమించి, రోత పుట్టిందని ఆ ఒక్కదాన్నీ వదిలేసింది తను.

"దొంగ!" అంది శవంతో. "దొంగముఖమా! నవ్వుతూ నన్ను మోసం చేస్తావా? చివరిరోజున? నా మొక్కలు నీకేం చేశాయి?"

జెలిండా శిలువ గుర్తు వేసుకుంది. "అర్మీదక్కా, ఏం మాటలవి! పోయినవాడిని..."

"పోయినవాడు పోతూ పోతూ మొత్తాన్నీ తీసుకుపోతున్నాడు!" మూలన ఉన్న గునపం అందుకుంది. పిడికెడు చాలు. ఒక్క వాన పడితే ఆ నీళ్లు పైమడి నుంచి కిందిమడికి, దాన్నుంచి దాని కిందికి దిగుతాయి. చీకటి పడేలోపు ఆ మొక్కని మట్టితో సహా పెకలించి, దాని పక్కవాటిని కూడా తీసి, తగలబెట్టి, గుంటల్లో సున్నం పొయ్యాలి.

"ఇంకా ఒళ్లైనా చల్లబడలేదే! శవాన్ని ఇంట్లో పెట్టుకుని ఎక్కడికి?"

"మా అన్న ఎక్కడికీ పోడులే. నువ్వు కూర్చో. కోళ్లని మాత్రం లోపలికి రానివ్వకు."

దారిలో అంత్యసమయాన పూసే నూనె సీసాతో వస్తున్న ఫోస్కో ఫాదర్ ఎదురుపడ్డాడు. గునపం చూసి, ఆమె ముఖం చూసి, పక్కకి తప్పుకున్నాడు. ఎక్కడికమ్మా అని అడిగితే, "ఉమ్మి తవ్వడానికి" అని ఎక్కేసింది. కొండ ఎక్కుతూ దారి పొడవునా తిట్టింది. ఆయన దగ్గుని తిట్టింది, బెల్జియాన్ని తిట్టింది, కాగితంతో చించిన అట్టుముక్కని తిట్టింది, తల్లి చెట్టనీ తల్లిమట్టనీ పాటలు కట్టుకుని ఏడ్చే ఈ ఊరి మొత్తాన్నీ తిట్టింది. ఏడవాల్సిన చోట తిట్లే వస్తున్నాయి, ఆపుకోలేకపోయింది. అంత కోపంలోనూ తడిక దగ్గర ఆగి, బూట్లూ గునపం మొనా ముంచింది.

మొక్క దగ్గర మోకాళ్ల మీద పడి ఫెర్న్ ఆకు లాగేసింది. గునపం వెయ్యబోయి, నల్లమట్టి ఎంత లోతున ఉందో చూద్దామని ముందు చేతులతో తవ్వింది. ఎర్రమట్టి. ఇంకొంచెం తవ్వింది. ఎర్రమట్టే. మొక్క వేళ్లు తగిలాయి, తెల్లగా, తడిగా, పొద్దున ఆయన పరిచినట్టే ఉన్నాయి. వాటి కింద కూడా వేలు పెట్టి తీసి, ఎండ మిగిలిన చోట పట్టుకుని చూసింది. వాసన చూసింది. కడిగిన కుండలాంటి ఆ మట్టిలో నల్లటి రవ్వ ఒక్కటి కూడా లేదు. ఇంకో పక్కనుంచి తవ్వడానికి ముందుకి వంగితే ఊతకర్ర వెనకనుంచి చల్లగా, మెత్తగా ఏదో చెంపకి తగిలింది.

అది ఆ సంచి. ఊతకర్రకి వెనక వైపున, ఆయన వీపు ఆనించుకుని కూర్చున్న చోట, నేలకి మూరెడు ఎత్తున వేలాడుతోంది. మూతి మెలిపెట్టి, మడిచి, బూటు లేసుతో చుట్టూ చుట్టి, గనిలో తాళ్లకి వేసే ముడి వేసి ఉంది. ఆ ముడి చేత్తో విప్పడం ఎవరి తరమూ కాదు. లేసు నీలంగా ఉంది. సంచి కుట్ల వెంబడి మైలుతుత్తం ఎండి సన్నటి పలుకులు కట్టింది. పొద్దున ఆమె ముఖం తిప్పుకున్నప్పుడు వెనక తొట్టిలో చప్పుడైంది ఇదన్నమాట. బూటు కాదు, దీన్ని ముంచాడు ఆయన. అడుగు నుంచి మూతి దాకా ముంచి తెచ్చాడు.

లోపల మట్టి చేతికి తెలుస్తోంది. సరిగ్గా పిడికెడు.

మొక్కకి తల్లి దక్కింది, తల్లి ముట్టుకోకుండా. ఇంట్లో ఆయన బతికినట్టే, ఎర్రదారం కప్పుతో, మెట్లమీద తన వైపున, కాగితంతో పట్టుకున్న అట్టుముక్కతో. అన్నేళ్లు పక్కనే ఉన్నాడు, ఒక్కసారి కూడా తగల్లేదు. అర్మీదాకి ఆ సంచి వాసన కొట్టింది, పాచిచుట్టల వాసన. అయినా దాన్ని వదలకుండా రెండు చేతుల మధ్యా పెట్టుకుని కూర్చుంది. కూర్చుని, గొంతు తెగేలా ఏడ్చింది. తరవాత అవే చేతులతో, భుజం వాడకుండా, కళ్లూ ముక్కూ నోరూ మొత్తం ముఖం తుడుచుకుంది.

అటవీశాఖ మనిషి చూస్తే దాన్ని కాల్చెయ్యమంటాడు. తన చేతుల్లో ఉన్నది మరెవరిదైనా అయితే తనూ కాల్చేసేది. రబ్బరు ఎప్పటికైనా పగులుతుంది, అప్పుడు ఏం చెయ్యాలో అప్పుడు చూడాలి, వారం వారం తొట్టినీళ్లు ఇక్కడికే తెచ్చి ముంచాలి. ఇంకో రోత పని తగిలించి పోయాడు మహానుభావుడు. "ఛీ" అంది, చాలా మెల్లగా.

ఎర్రమట్టిని మళ్లీ మొక్క వేళ్ల మీదికి తోసి, చేత్తో అదిమి, ఫెర్న్ ఆకు పరిచింది. రాయి మీద కాగితం చుట్ట ఇంకా ఉంది. విప్పింది. అట్టు ఎండి అంచులు లేచాయి, మీద ఒక చీమ తిరుగుతోంది. చీమని ఊది, నించునే తినేసింది. కింద ఊళ్లో చర్చిగంట మొదలైంది, సెత్తీమియో కోసమే. జెలిండా ఈపాటికి కోళ్లని లోపలికి రానిచ్చే ఉంటుంది. అర్మీదా గునపం భుజాన వేసుకుని, తొట్టిలో దిగి, లేచి, తడిక మూసుకుని వెళ్లిపోయింది.

పైమడిలో చివరి మొక్క పక్కన, ఊతకర్రకి నీలం లేసుతో కట్టిన రబ్బరు సంచి, సాయంత్రపు గాలికి కర్రని ఒకసారి తాకి, మళ్లీ వెనక్కి వచ్చి, ఊగుతూ ఉంది.